ఒంట్లోని మొత్తం నీరు కొలవడానికి 4 గంటల ఒక్క శాంపిల్ చాలా?

ఉప్పునీరు: మనుషులకీ పశువులకీ ఒకటే పద్ధతి పెడదామని ప్రతిపాదన వచ్చింది. భారజలం (మామూలు హైడ్రోజన్ బదులు బరువైన హైడ్రోజన్, అంటే డ్యూటీరియం, ఉన్న నీరు) ఇచ్చేముందు ఒక శాంపిల్, 4 గంటల తర్వాత ఇంకొకటి; అది ఎంత పలచబడిందో చూసి ఒంట్లో నీరు లెక్కగట్టడం. ఇది చాలా? అసలు భారజలమే వద్దు, ఒంట్లోకి చిన్న కరెంటు పంపి అడ్డంకి కొలిచే ఇంపీడెన్స్ మీటరు చాలనేవాళ్లూ ఉన్నారు.

ప్లాటో: మనిషికైతే 4 గంటల సమయం చాలు, పని శుభ్రంగా చేస్తే. రాత్రి నుంచి ఉపవాసం, మూత్రవిసర్జన, ముందు లాలాజలం. ఎఫ్‌టీఐఆర్ (పరారుణ కాంతితో భారజలం కొలిచే యంత్రం) మీద చూసేట్టయితే పెద్దవాళ్లకు 30 గ్రాముల భారజలం. స్ట్రాతో తాగించాలి, లేకపోతే నోట్లో మిగిలిన మోతాదే శాంపిల్లోకి వస్తుంది. సీసాలో 50 మి.లీ. మామూలు నీళ్లు పోసి తొలిచి అదీ తాగించాలి. 3, 4 గంటలకు దూది ఉండ నోట్లో నానబెట్టి సిరంజితో పిండాలి. ఆ రెండు అంకెలు దగ్గరగా రాకపోతే సమతుల్యం రాలేదన్నమాట, భారజలం ఒంట్లో నీటంతటా సమంగా కలవలేదు. అందుకే ఒక్క శాంపిల్ కాదు, రెండు.

క్రయోవయల్: మోతాదు తూచండి, మి.లీ.లలో కొలవకండి. భారజలం సాంద్రత 1.1 పైచిలుకు. 30 మి.లీ. పోస్తే 33 గ్రాములు వెళ్తుంది, మీ లెక్క పది శాతం తప్పుతుంది.

ఎత్తు_వర్గం: ఇంత తంటా దేనికి? 50 కిలోహెర్ట్జ్ మీటరు, మణికట్టుకీ చీలమండకీ ఎలక్ట్రోడ్లు, ఎత్తు వర్గాన్ని రెసిస్టెన్స్‌తో భాగించడం. ఐదు నిమిషాల పని.

ప్లాటో: ఆ భాగహారాన్ని లీటర్లుగా మార్చే సమీకరణం ఎక్కడిదండీ? భారజలంతో కొలిచిన వాళ్ల మీద గీసిందే కదా. ఎవరి మీద గీశారో వాళ్లకే పనికొస్తుంది. పైగా మొండెం శరీరంలో సగం ఉన్నా మొత్తం రెసిస్టెన్స్‌లో దాని వాటా పదో వంతే. పొట్టలో నీరు చేరిన రోగిని పడుకోబెడితే మీటరు చేతుల గురించీ కాళ్ల గురించీ చెబుతుంది, పొట్ట గురించి కాదు.

ఎత్తు_వర్గం: రోజూ అదే మనిషిలో మార్పు చూడటానికి చాలు. నేనన్నది అదే.

ప్లాటో: మీరన్నది అది కాదు, పైన చదువుకోండి.

నెమరు: మనుషుల గొడవ సరే, ఆవు సంగతి? 4 గంటలకి రక్తం చూస్తే రూమెన్‌లోకి (మేత నానే పెద్ద పొట్టలోకి) భారజలం ఇంకా పూర్తిగా చేరదు. రక్తంలో గాఢత ఎక్కువ, లెక్కలో నీరు తక్కువ. సిరలో ఇస్తే ఉప్పు కలిపి 0.9 శాతం చేసి ఇవ్వాలి, సిరంజిని ముందూ వెనకా తూచాలి, రక్తం మాత్రం రెండోవైపు మెడ సిర నుంచే తీయాలి. ఇచ్చిన కాథెటర్‌లోంచే తీస్తే అంచులకి అంటుకున్న మోతాదు శాంపిల్లో కలుస్తుంది. కనీసం 8 గంటలు ఆగాలి. లేదా కొన్ని రోజులు శాంపిళ్లు తీసి గాఢతల లాగరిథమ్‌లకు గీత గీసి సున్నా గంటకు వెనక్కి పొడిగించాలి.

ప్లాటో: 1.041తో భాగించారా ముందు? డ్యూటీరియం ప్రోటీన్లలోని హైడ్రోజన్‌తోనూ తావు మార్చుకుంటుంది కాబట్టి వచ్చే అంకె అసలు నీటికంటే 4 శాతం ఎక్కువ. డ్యూటీరియం బదులు బరువైన ఆక్సిజన్ (ఆక్సిజన్-18) ఉన్న నీరు వాడితే 1.007.

నెమరు: మళ్లీ అదే 1.041! రివ్యూవర్లూ ఆ ఒక్క అంకె పట్టుకునే వేలాడతారు. నేను సమయం గురించి అడుగుతున్నాను స్వామీ.

ప్లాటో: లెక్క చేసి చూపిస్తాను. 30 గ్రాములు ఇచ్చాం, లాలాజలంలో కిలోకు 750 మి.గ్రా. పెరిగింది. 30 గ్రాముల్ని దానితో భాగిస్తే 40 కిలోలు. 1.041తో భాగిస్తే 38.4. అంటే ఒకటిన్నర కిలో తేడా, మీకది చిన్నదా? ఇక సమయం. ఆవుని 8 గంటలు ఆపితే ఈలోగా పాలల్లో, మూత్రంలో భారజలం పోతుంది కదా?

నెమరు: పోతే పోనీ. పోయే నీటితో పాటే పోతుంది, సమతుల్యం వచ్చాక గాఢత దాదాపు మారదు. గాఢత పడేది కొత్త నీళ్లు తాగినప్పుడు, పచ్చిమేత తిన్నప్పుడు.

ప్లాటో: అయితే నీళ్లు ఆపండి, అయిపోయింది.

నెమరు: పాలిచ్చే ఆవుకి 8 గంటలు నీళ్లు ఆపితే రూమెన్ ఎండుతుంది. మీరు కొలవాలనుకున్న నీటినే మీరు తగ్గించినట్టు!

ప్లాటో: రూమెన్ నీరు నాకెందుకండీ? అది పొట్టలో సరుకు, ఒళ్లు కాదు!

నెమరు: ఇదిగో, ఇప్పుడు బయటపడింది. ఇంతసేపూ గంటల గురించి కొట్టుకుంటున్నాం. మీకు కావలసింది నీరు కాదు, కొవ్వు లేని ద్రవ్యరాశి. నీటిని 0.732తో భాగించి దాన్ని రాబడతారు, కాబట్టి పేగుల్లో నీరు మీకు చెత్త. నాకు కావలసింది ఆవు దగ్గర ఎంత నీరుందో, ఎండలో ఎంత కోల్పోయినా తట్టుకుంటుందో. అక్కడ రూమెనే నిల్వ.

ప్లాటో: మరి రూమెన్‌లో 50 కిలోల నీరుంటే అది నా లెక్కలో 68 కిలోల కండా ఎముకా అయి కూర్చుంటుంది. కొవ్వు లేని ఒంట్లో నీరు 73.2 శాతమన్నది పేస్, రాత్‌బన్ 1945లో చెప్పిన అంకె, నిండు రూమెన్‌కి పెట్టింది కాదు.

క్రయోవయల్: ఎండబెట్టి పోల్చే వాళ్లకీ ఇదే పేచీ. కళేబరాన్ని పేగులు ఖాళీ చేసి ఎండబెట్టారా, నిండుగానా అన్నది రాయకపోతే భారజలం అంకెతో పోలికే లేదు. 100 డిగ్రీల ఓవెన్‌లో కొవ్వు పైన పొరకట్టి కింద నీటిని పట్టేస్తుంది, కాబట్టి ముందు గడ్డకట్టించి రుబ్బి, బరువు మారడం ఆగేదాకా ఎండబెడుతూ తూస్తూనే ఉండాలి.

ఉప్పునీరు: అంటే ఒకే పద్ధతి కుదరదు?

నెమరు: కుదరదు. ఆవుకి నీళ్లు ఆపకండి, రోజుల శాంపిళ్లు తీసి వెనక్కి పొడిగించండి, పేగుల నీటితో కలిపే చెప్పండి.

ప్లాటో: మనిషికి 3, 4 గంటలే. వయల్ మూత బిగించి -20 డిగ్రీల్లో పెట్టండి. మూత వదులైతే తేలిక నీరు ముందు ఆవిరై మిగిలిందాంట్లో గాఢత పెరుగుతుంది. ఆ తర్వాత 1.041.

నెమరు: తెలుసు!