నాన్నగారి లివింగ్ విల్ కాపీ ఎవరికి ఇవ్వాలి?

నమస్కారమండీ. నాన్నగారికి 76 ఏళ్లు, ఊపిరితిత్తుల జబ్బు. పోయినసారి పదకొండు రోజులు వెంటిలేటర్ మీద ఉండి బయటపడ్డారు. ‘ఇంక నయం కాదని తేలాక మళ్లీ ఆ గొట్టం వేయించొద్దమ్మా’ అని చెయ్యి పట్టుకుని అడిగారు.

లివింగ్ విల్‌ను, అంటే నయం కాని స్థితి వస్తే ఏ వైద్యం వద్దో ముందే రాసిపెట్టే కాగితాన్ని, సుప్రీంకోర్టు 2018లో ఒప్పుకుంది, 2023లో పద్ధతి సులువు చేసింది కదా. ఆ ప్రకారమే ఇద్దరు సాక్షుల ముందు సంతకం, నోటరీ అయ్యాయి. కాపీ తీసుకెళితే మా మున్సిపాలిటీలో ఇదేంటో తెలియదన్నారు. ఆంధ్రాలో ఎవరైనా ఇచ్చారా? ఏ అధికారి తీసుకున్నారు? రసీదు ఇచ్చారా?

అన్నయ్యేమో ‘నాన్నను చంపుకుంటామా’ అని ఏడుస్తున్నాడు. విషపు ఇంజెక్షన్ మన చట్టం ఒప్పుకోదు, ఇది అది కాదని ఎంత చెప్పినా వినడం లేదు. రేపు ఆసుపత్రిలో అన్నయ్య వద్దంటే, డాక్టర్లు నాన్నగారి కాగితం చూస్తారా, నాన్న మాట వింటారా? రాత్రి ఆయనకు ఆయాసం వస్తే చాలు, నాకు ఇదే టెన్షన్.