ఊరి డబ్బు ముందు దేనికి: రోడ్డు మీద వేగం తగ్గించడానికా, సేవలు నిలబెట్టడానికా?

పొలంగట్టు:
పెద్ద రోడ్డు నడిబొడ్డు నుంచి పోయే పల్లెల గురించి అడుగుతున్నాను. ఇళ్లన్నీ ఒక పక్క, బడీ బస్టాపూ అవతలి పక్క. ఇలాంటి ఊళ్ల చేతిలో డబ్బు ఎప్పుడూ తక్కువే. ఆ తక్కువలో రోడ్డు మీద వేగం తగ్గించే పనులు ముందా, లేక ఆసుపత్రి, బస్సు, వీధిదీపాల లాంటివి ముందా? ఎప్పుడు కూర్చున్నా తెగని పంచాయితీ ఇది.

నేను వేగం పక్షం. లెక్క చూడండి. గంటకు 50 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకు దాదాపు 14 మీటర్లు పోతుంది. 30లో అయితే 8 మీటర్ల పైచిలుకే. పిల్లాడు రోడ్డు మీదికి వచ్చాడని చూసి, కాలు బ్రేకు మీద పడేసరికి ఒక సెకను పోయిందనుకుందాం. పొడి రోడ్డు మీద 30లో వస్తున్న బండి దాదాపు 13 మీటర్లలో పూర్తిగా ఆగిపోతుంది. 50లో వస్తున్న బండికి ఆ 13 మీటర్ల దగ్గర ఇంకా బ్రేకే పడి ఉండదు. ఒక బండి ఆగి నిలబడ్డ చోటే రెండోది అదే 50తో గుద్దేస్తుంది. ఆసుపత్రి దెబ్బ తగిలాక పనికొచ్చేది. అసలు దెబ్బే తగలకుండా చూసుకోవడం ముందు కాదా?

మలుపు:
మీ లెక్కతో నాకు పేచీ లేదు. కానీ మీరు మనిషి రోడ్డు మీదికి వచ్చాక కథ మొదలుపెడుతున్నారు. అసలు రోడ్డెందుకు ఎక్కాడు? ఊళ్లో ఉన్న చిన్న ఆసుపత్రి మూసేస్తే మందుబిళ్ల కోసం కూడా పట్నం పోవాలి. సాయంత్రం బస్సు తీసేస్తే బైకు తియ్యాలి, అదీ చీకటి పడ్డాక, వెనక ఇంకొకరిని ఎక్కించుకుని. ఆఫీసు కాగితంలో అది ఒక సర్వీసు రద్దు, అంతే. రోడ్డు మీద మాత్రం అది రోజూ పెరిగిన నాలుగు బైకులు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 నివేదిక చూడండి. ఏటా దాదాపు 11 లక్షల 90 వేల మంది రోడ్ల మీద చనిపోతున్నారు. వాళ్లలో సగానికి పైగా నడిచి పోయేవాళ్లు, సైకిళ్ల వాళ్లు, మోటారు సైకిళ్ల వాళ్లే. అదే దూరం బస్సులో పోతే ముప్పు చాలా తక్కువ. కాబట్టి ఊరి బస్సును కాపాడుకోవడం కూడా రోడ్డు భద్రత పనే. దాన్ని వేరే ఖాతాలో రాసి, 'అది ముందా, ఇది ముందా' అని అడగడంలోనే తిరకాసు ఉంది.

పైగా పెద్ద రోడ్డు చాలా చోట్ల ఊరి చేతిలో ఉండదు, పై ప్రభుత్వానిది. దాని మీద తెల్లగీత గీయాలన్నా వాళ్ల అనుమతి కావాలి. మన చేతిలో లేనిదాని కోసం ఏళ్ల తరబడి అర్జీలు పెడుతూ, చేతిలో ఉన్నవాటిని వదిలేసుకుంటున్నాం.

రోలర్:
రోడ్ల పనిలోనే ఉన్నవాణ్ని కాబట్టి ఒక మాట. వేగం తగ్గించడం అనగానే అందరి బుర్రలోకీ స్పీడ్ బ్రేకరే వస్తుంది. ఏదైనా ప్రమాదం జరిగిన మర్నాడు కోపంలో పోసిన అడ్డగట్టును స్పీడ్ బ్రేకర్ అనకండి. 1970ల మొదట్లో బ్రిటన్ రవాణా పరిశోధనశాలలో రకరకాల ఆకారాలు కట్టి, వాటి మీద బళ్లు నడిపి చూశారు. నిలబడింది ఏదంటే దాదాపు 3.7 మీటర్ల పొడవు, 10 సెంటీమీటర్ల ఎత్తు ఉండే మెల్లటి గుండ్రటి దిబ్బ. అంత పొడవు ఎందుకంటే, మెల్లగా పోతే ఒంటికి తెలియదు, వేగం పెరిగేకొద్దీ కుదుపు పెరుగుతుంది. పొట్టిగా, నిటారుగా పోసిన గట్టు దీనికి తలకిందులు. మెల్లగా పోయేవాడి నడుం విరుగుతుంది, దూసుకుపోయేవాడి కుదుపంతా టైర్లూ స్ప్రింగులూ మింగేస్తాయి. పెయింటు పోయి, దీపం లేని చోట ఉంటే రాత్రి బైకు మీద వచ్చేవాడికి అదే గండం.

ఇంకోటి. 80, 90లో అరగంట నడిపి వచ్చిన డ్రైవరుకు 50 అంటే పాకుతున్నట్టే ఉంటుంది. కాబట్టి ఊరి మధ్యలో కాదు, ఊరు మొదలయ్యే చోటే చెప్పాలి. అక్కడ రోడ్డును కంటికి ఇరుకుగా కనిపించేలా చేయండి. రెండు పక్కలా పెద్ద బోర్డులు, అంచు రాళ్లు, మధ్యలో చిన్న దీవి, అంటే రాకపోకల బళ్లను విడదీసే గట్టు. ఊళ్లోకి వచ్చామని డ్రైవరుకు అర్థం కావాలి.

స్టీరింగ్:
నేను అంబులెన్స్ నడుపుతాను. రోలర్ అన్నా, మీ 3.7 మీటర్ల దిబ్బ మీద కూడా వెన్నెముక దెబ్బతిన్న మనిషిని తీసుకుపోతుంటే నేను బండిని దాదాపు ఆపి, దిబ్బ ఎక్కించి దించాల్సిందే. అలాంటివి దారిలో ఎన్ని ఊళ్లుంటే అన్నిసార్లు. గుండె ఆగిపోయిన మనిషికి ఛాతీ నొక్కడం మొదలుపెట్టకపోతే, గడిచే ప్రతి నిమిషానికీ బతికే అవకాశం 7 నుంచి 10 శాతం పడిపోతుందని మాకు ట్రైనింగులో చెబుతారు. వేగం పక్షం వాళ్లు ఈ నిమిషాలను ఎందుకు లెక్కలో వేయరు?

పొలంగట్టు:
వేస్తాం అన్నా. దానికి దారి ఉంది. దిబ్బను రోడ్డు అడ్డంగా పూర్తిగా పోయకుండా, మధ్యలో ఖాళీలు వదిలి చిన్న మెత్తల్లా కట్టే పద్ధతి కొన్ని దేశాల్లో ఉంది. అంబులెన్స్, ఫైరింజన్ లాంటి వెడల్పు బళ్ల చక్రాలు ఆ ఖాళీల్లోంచి పోతాయి, కారు చక్రం ఒకటైనా ఎక్కాలి. బైకులు సందులోంచి జారుకుంటాయి, అది నిజమే.

కానీ మీరు చెప్పిన నిమిషాల్లోనే ఇంకో సంగతి ఉంది. అంబులెన్స్ వచ్చేలోపు ఆ ఛాతీ నొక్కేది ఎవరు? ఊళ్లో నలుగురికి నేర్పిస్తే మీ ప్రయాణం వృథా కాదు. నేర్పడానికి పెద్దగా ఖర్చూ లేదు.

మలుపు:
చూశారా, మీరే సేవల వైపు వచ్చేశారు. 😄

ఊరివాడు:
ఇంత ఖర్చు అక్కర్లేదని నా అభిప్రాయం. నెదర్లాండ్స్‌లో హాన్స్ మోండర్‌మన్ అనే ట్రాఫిక్ ఇంజనీరు ఫ్రీస్‌లాండ్ పల్లెల్లో బోర్డులు, గీతలు, గట్లు పీకించేశాడు. ఎవరికి దారి ఇవ్వాలో బోర్డు చెప్పకపోతే, డ్రైవరు ఎదుటివాడి మొహం చూడాల్సి వస్తుంది, అందుకే మెల్లగా పోతాడు అన్నది ఆయన వాదన. బోర్డులు ఎక్కువయ్యేకొద్దీ మనిషి ఆలోచించడం మానేస్తాడు.

తెల్లకర్ర:
ఊరివాడు గారూ, నాకు చూపు లేదు. ఎదుటివాడి మొహం నేను ఎలా చూడాలి? గట్టు అంచు కర్రకు తగిలితేనే రోడ్డు ఎక్కడ మొదలైందో నాకు తెలుస్తుంది. ఇలా అన్నీ చదును చేసి కలిపేసిన చోట్ల మాలాంటివాళ్లు గొడవ చేశాకే, 2018లో బ్రిటన్ ప్రభుత్వం అంచుల్లేని కొత్త పథకాలను ఆపమని స్థానిక సంస్థలకు చెప్పింది. కళ్లున్నవాళ్ల మర్యాద మీద నా ప్రాణం పెట్టలేను.

ఊరివాడు:
ఒప్పుకుంటాను. బళ్లు ఎక్కువ తిరిగే పెద్ద రోడ్డుకు అది కుదరదు. లోపలి వీధులకైతే నా మాట మీదే ఉన్నాను, గట్టు అంచు మాత్రం ఉంచి.

తెల్లకర్ర:
అంచు ఉంటే నాకూ అభ్యంతరం లేదు.

మలుపు:
వేగం పక్షానికి ఇంకో ప్రశ్న. బోర్డు మార్చి చట్టం చేస్తే సరిపోతుందా? వేల్స్‌లో 2023 సెప్టెంబరులో ఊళ్లలో మామూలు పరిమితిని గంటకు 30 మైళ్ల నుంచి 20 మైళ్లకు, అంటే 32 కిలోమీటర్లకు దించారు. వద్దంటూ అక్కడి చట్టసభకు వెళ్లిన అర్జీ మీద 4 లక్షల 60 వేలకు పైగా సంతకాలు పడ్డాయి. ఆ దేశ జనాభా 30 లక్షల పైచిలుకు. జనాన్ని ఒప్పించకుండా పై నుంచి దించితే ఇదే తంతు.

పొలంగట్టు:
గొడవ జరిగింది. వేగాలూ తగ్గాయి, ఆ రోడ్ల మీద దెబ్బలు తగిలినవాళ్ల సంఖ్యా తగ్గింది. తర్వాత, ఏ రోడ్లకు పాత పరిమితి తిరిగి పెట్టాలో స్థానిక సంస్థలే చూసుకునేలా నిబంధనలు సడలించారు. చట్టాన్ని పూర్తిగా ఎత్తేయలేదు. సగటు వేగం 1 శాతం పెరిగితే ప్రాణం పోయే ప్రమాదాల ముప్పు 4 శాతం పెరుగుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థే చెబుతోంది. అందుకే వేగం కొద్దిగా తగ్గినా దాన్ని తేలిగ్గా తీసుకోను. జనం తిట్టుకున్నారని దాన్ని వదిలేద్దామా?

రోలర్:
ఇద్దరూ పెద్ద పెద్ద దేశాలు తిరిగొచ్చారు. బస్టాపు దగ్గరికి రండి.

బస్సు ఆగింది. దిగినావిడ చేతిలో సంచి, పక్కన పిల్ల. ఇల్లు అవతలి పక్క. బస్సు ముందు నుంచే దాటుతుంది, ఎందుకంటే దాటే చోటు బస్సు ముక్కు ముందే ఉంది. వెనక నుంచి బస్సును దాటుకుని వచ్చే కారుకు ఆవిడ కనిపించదు, ఆవిడకు కారు కనిపించదు. ఇద్దరి మధ్యా బస్సే గోడ. ఇక్కడ పరిమితి 30 పెట్టినా టెన్షనే. అదే స్టాపును దాటే చోటు కంటే ముందుకు, బస్సు దాన్ని దాటేశాక ఆగేలా జరిపితే, దిగినవాళ్లు బస్సు వెనక నుంచి దాటుతారు. వెనక వచ్చే బళ్లకు వాళ్లు నేరుగా కళ్లెదుట ఉంటారు. ఎదురుగా వచ్చే బళ్లకు మాత్రం బస్సు ఇంకా అడ్డమే, కాబట్టి అక్కడ మధ్యలో నిలబడటానికి ఒక దీవి, పైన ఒక దీపం కావాలి.

ఇప్పుడు చెప్పండి, ఇది రోడ్డు పనా, బస్సు సేవా?

మలుపు:
రెండూ. అందుకే నేను మొదటి నుంచీ ఖాతాలు విడదీయొద్దంటున్నా. సేవ ఎక్కడ పెడతామన్నదే సగం భద్రత. కొత్త అంగన్‌వాడీ కట్టాల్సి వస్తే ఇళ్లున్న పక్కనే కట్టండి. స్థలం చవగ్గా దొరికిందని రోడ్డు అవతల కట్టి, తర్వాత దాటడానికి వంతెన కావాలని అర్జీలు పెట్టడం ఏం తెలివి? స్విట్జర్లాండ్‌లో 1906 నుంచి పోస్టు బస్సులు ఉత్తరాలనూ మనుషులనూ ఒకే బండిలో కొండ పల్లెలకు తీసుకెళ్లాయి. రెండు ఖర్చులు ఒక బండిలో.

పొలంగట్టు:
స్టాపు జరపడం, దీపం, చీకట్లో కనిపించేలా ట్రాక్టరు ట్రాలీల వెనక ఎర్రటి రిఫ్లెక్టర్లు. వీటికి నేనూ ఓటేస్తా, ఈ ఏడాది డబ్బు వీటికే. కానీ ఊరి మొదట్లో ఇరుకు చేసే పనిని వదలను. వచ్చే ఏడాది జాబితాలో అదే మొదటిది. రోడ్డు ఎవరిదైతే వాళ్లకు అర్జీ ఇప్పుడే పోవాలి, అనుమతికే ఏడాది పడుతుంది.

స్టీరింగ్:
దీవి కట్టేటప్పుడు అంబులెన్స్ వెడల్పు కొలుచుకోండి అన్నా. పక్కన ఎవరో లారీ ఆపితే నాకు దారి ఉండాలి.

రోలర్:
అర్జీలో దీవి కొలతలు రాయండి, ఆగి ఉన్న లారీని కూడా లెక్కలో వేసి. రెండో ఏడాది పెయింటు, దీపం బల్బు ఎవరు మారుస్తారో కూడా రాయండి. అది రాయని అర్జీలే నేను ఎక్కువ చూశాను.