జొన్నగిరి వజ్రం, మూడు అగ్గిపెట్టెలు: పెట్టె మార్చుకోవాలా, వద్దా?

జొన్నగిరి వాసి:
తొలకరి పడగానే మా జొన్నగిరి, తుగ్గలి చేలలో జనం వజ్రాలు వెతుకుతారు కదా. ఆ గట్ల మీద మొదలైన వాదం ఇది. మూడు అగ్గిపెట్టెలు. ఒకదానిలో వజ్రం, రెండింటిలో గులకరాళ్లు. ఏది ఎక్కడుందో వ్యాపారికి తెలుసు. మీరు ఒక పెట్టె మీద చెయ్యి పెడతారు. ఆయన మిగతా రెండింటిలో రాయి ఉన్నదాన్ని తెరిచి చూపించి, ‘కావాలంటే మార్చుకోండి’ అంటాడు. మిగిలినవి రెండు పెట్టెలే కాబట్టి చెరిసగం. మార్చినా ఒకటే, మార్చకపోయినా ఒకటే అంటాను నేను.

ఆదోని లెక్కల మాస్టారు:
మార్చుకోవలసిందే. మీ పెట్టెలో వజ్రం ఉండే అవకాశం మూడింట ఒక వంతు. మీరు దేన్ని పట్టుకున్నా, చూపడానికి ఆయన దగ్గర ఒక రాయి ఉండనే ఉంటుంది. చూపినంత మాత్రాన మీ వంతు పెరగదు. మిగతా రెండు వంతులూ తెరవని అవతలి పెట్టెవే.

జొన్నగిరి వాసి:
నేను ముందు దేన్ని పట్టుకున్నానో పెట్టెలకేం తెలుసు సార్? ఇదంతా మాటల గారడీ.

అనంతపురం పాఠకుడు:
ఈ పేచీ పాతదే. గణాంకవేత్త స్టీవ్ సెల్విన్ 1975లోనే ఒక గణాంక పత్రికకు దీన్ని రాసి పంపారు. 1990లో మెరిలిన్ వాస్ సావంత్ అమెరికాలోని పరేడ్ పత్రికలో తాను రాసే ప్రశ్నోత్తరాల శీర్షికలో ‘మార్చుకోండి’ అని జవాబిస్తే, దాదాపు పదివేల ఉత్తరాలు వచ్చిపడ్డాయి. ఎక్కువమంది ఆమెనే తప్పుపట్టారు, అందులో డాక్టరేట్లున్నవారికీ కొదవలేదు. పాల్ ఎర్డిష్ అంతటి గణితవేత్త కూడా కంప్యూటర్‌లో ఆడించి చూపేదాకా ఒప్పుకోలేదు. జొన్నగిరి వారికి మంచి తోడే దొరికింది!

కడప నుంచి:
ఆయన చెప్పే చెరిసగం కూడా ఒకచోట నిజమేనండీ. వ్యాపారికి ఏమీ తెలియదనుకోండి. ఆయన చెయ్యి తగిలి మిగతా రెండింటిలో ఒక పెట్టె తెరుచుకుంది, రాయి కనబడింది. 300 ఆటలు ఆడితే సుమారు 100 సార్లు వజ్రం మీ పెట్టెలో ఉంటుంది. తక్కిన 200లో సగంసార్లు వజ్రమే బయటపడి ఆట చెడిపోతుంది. రాయి కనబడిన ఆటలు 200. అందులో 100 మీవి, 100 అవతలి పెట్టెవి. తెలిసినవాడు తెరిస్తే ఒక్క ఆటా చెడదు, వజ్రం మీ పెట్టెలో లేని ఆ 200 మొత్తం అవతలి పెట్టెకే పోతాయి. కంటికి కనబడే రాయి ఒకటే, లెక్క మాత్రం వేరు.

జొన్నగిరి వాసి:
అలా అయితే వినండి. మా వైపు వ్యాపారి మార్చుకోమని బతిమాలుతున్నాడంటే వజ్రం నా పెట్టెలోనే ఉందని అర్థం. రాయి పట్టుకున్నవాడిని ఆయన అడగనే అడగడు.

ఆదోని లెక్కల మాస్టారు:
అప్పుడు మారిస్తే గెలిచే అవకాశం సున్నా. ప్రతిసారీ తప్పక తెరవాలి, తప్పక అడగాలి అని ముందే షరతు రాయించుకున్నాకే నేను మారుస్తాను.

జొన్నగిరి వాసి:
వజ్రాల వ్యాపారి చేత షరతులు రాయించడమా! మీరొకసారి మా ఊరు రండి సార్.