ప్రొడక్షన్ (అసలు వాడకంలో ఉన్న సర్వర్ల) అనుమతి లేకుండా పోస్ట్‌గ్రెస్ డీబీఏ (డేటాబేస్ నిర్వాహకుడి) పని నేర్చుకోవడం ఎలా?

ప్రశ్న:
నేను హైదరాబాదులో ఒక సంస్థ సపోర్ట్ విభాగంలో ఒరాకిల్ డేటాబేస్ టికెట్లు (సమస్యల ఫిర్యాదులు) చూస్తున్నాను. టేబుల్‌స్పేస్ (డేటాకు కేటాయించిన చోటు) పెంచడం, ఆగిన జాబ్‌ను మళ్లీ నడపడం వంటి పనులన్నీ ముందే రాసిపెట్టిన సూచనల ప్రకారం సాగిపోతాయి. ఇప్పుడు మా బృందం పోస్ట్‌గ్రెస్ అనే మరో డేటాబేస్‌కు మారుతోంది. కోర్సు వీడియోలు చూశాను కానీ, డేటాబేస్ నిజంగా దెబ్బతిన్నప్పుడు ఏం చేయాలో వాటివల్ల తెలియలేదు. ఇంట్లో 8 జీబీ ర్యామ్ ఉన్న ల్యాప్‌టాప్ ఉంది. సాధన ఎక్కడ మొదలుపెట్టమంటారు?

జవాబు 1:
రీస్టోర్‌తో, అంటే బ్యాకప్ నుంచి డేటాను తిరిగి తెచ్చుకోవడంతో, మొదలుపెట్టండి. 2017 జనవరి 31న గిట్‌ల్యాబ్ అనే కోడ్ భద్రపరిచే సేవా సంస్థలో ఒక ఇంజనీరు రెండో సర్వర్ అనుకుని ప్రధాన సర్వర్‌లోని డేటా డైరెక్టరీని తొలగించినప్పుడు, క్రమంగా తీస్తున్నామనుకున్న పీజీ డంప్ (డేటాను ఫైలుగా తీసే పోస్ట్‌గ్రెస్ ప్రోగ్రామ్) బ్యాకప్‌లు అసలు లేవని తేలింది; డేటాబేస్ 9.6 వెర్షన్‌లో ఉండగా డంప్ ప్రోగ్రామ్ మాత్రం 9.2ది కావడంతో ప్రతిసారీ విఫలమవుతూ వచ్చింది, ఆ హెచ్చరిక మెయిళ్లూ ఎవరికీ చేరలేదు. రీస్టోర్ చేసి చూడని బ్యాకప్‌ను నేను బ్యాకప్‌గా లెక్కపెట్టను.

మీ ల్యాప్‌టాప్ దీనికి చాలు. పరీక్ష డేటానూ లోడ్‌నూ సృష్టించే పీజీబెంచ్‌తో స్కేల్ 100 పెడితే ప్రధాన టేబుల్‌లో 1 కోటి వరుసలు వస్తాయి. వాల్ (ప్రతి మార్పునూ నమోదు చేసే లాగ్) ఆర్కైవింగ్ ఆన్ చేసి, పీజీ బేస్‌బ్యాకప్‌తో మొత్తం సర్వర్ నకలు తీసి, కాసేపు లోడ్ నడిపి, ఒక టేబుల్‌ను డ్రాప్ చేయండి. ఆ తరువాత డ్రాప్‌కు ఒక్క నిమిషం ముందున్న స్థితికి డేటాబేస్‌ను తీసుకురండి. ఏ క్షణం వరకు తిరిగి తేవాలో చెప్పే రికవరీ టార్గెట్ టైమ్ రాసేటప్పుడు చివర +05:30 (భారత సమయం) తప్పక చేర్చండి. సర్వర్ యూటీసీలో ఉండి మీరు గోడ గడియారం చూసి రాస్తే ఐదున్నర గంటలు తేడా వస్తుంది.

ప్రశ్న అడిగినవారు:
ధన్యవాదాలండీ. మీరు చెప్పినట్టే చేశాను, టేబుల్ తిరిగి వచ్చింది. అయితే ఇన్‌సర్ట్ చేయబోతే రీడ్ ఓన్లీ అని ఎర్రర్ వస్తోంది. ఎక్కడ పొరపాటు జరిగింది?

జవాబు 1:
పొరపాటేమీ లేదు. టార్గెట్ చేరగానే రికవరీ అక్కడే ఆగి, సర్వర్ చదవడానికి మాత్రమే తెరిచి ఉండడమే డిఫాల్ట్. సరైన క్షణానికే వచ్చామా అని డేటా చూసి నిర్ధారించుకునే అవకాశం అలా దొరుకుతుంది. సరిపోయిందనుకుంటే పీజీ వాల్ రీప్లే రెజ్యూమ్ ఫంక్షన్ పిలవండి, రాతలకు తెరుచుకుంటుంది.

జవాబు 2:
దీని తరువాత లాకులు (ఒకరు వాడుతున్న టేబుల్‌పై మరొకరి పనిని ఆపి ఉంచే తాళాలు) నేర్చుకోండి. పోస్ట్‌గ్రెస్‌కు ఆదేశాలిచ్చే పీఎస్‌క్యూఎల్ విండోలు మూడు తెరిచి, మొదటిదానిలో బిగిన్ ఇచ్చి ఒక సెలెక్ట్ నడిపి కమిట్ చేయకుండా వదిలేయండి. రెండోదానిలో అదే టేబుల్‌పై ఆల్టర్ టేబుల్ (నిర్మాణం మార్చే ఆదేశం), మూడోదానిలో మామూలు సెలెక్ట్ ఇవ్వండి. ఆల్టర్ వెనుక ఆ సెలెక్ట్ కూడా ఆగిపోవడం కళ్లారా చూస్తే, లాక్ టైమవుట్ (లాక్ కోసం ఎంతసేపు ఆగాలనే పరిమితి) పెట్టకుండా ప్రొడక్షన్‌లో ఆల్టర్ ఎందుకు నడపకూడదో తెలుస్తుంది.

ఇక ఇతరుల నుంచి నేర్చుకోవడానికి నాకు బాగా పనికొచ్చిన మార్గం పోస్ట్‌గ్రెస్ వాడేవారు ప్రశ్నలు అడిగే పీజీఎస్‌క్యూఎల్ జనరల్ మెయిలింగ్ లిస్ట్. అందులో ఎవరో అడిగిన సమస్యను ముందు మీ ల్యాప్‌టాప్‌లో పునఃసృష్టించి, మీ జవాబు రాసిపెట్టుకుని, ఆ తరువాతే అనుభవజ్ఞులు ఇచ్చిన జవాబు చదవండి. మీరే అడిగే రోజు వస్తే వెర్షన్, టేబుల్ నిర్మాణం, ఎక్స్‌ప్లెయిన్ ఎనలైజ్ (క్వెరీని నడిపి అది ఎలా సాగిందో చూపే ఆదేశం) ఫలితం స్క్రీన్‌షాట్‌గా కాకుండా పాఠంగా ఇవ్వండి. అప్‌డేట్‌పై ఎనలైజ్ పెడితే అది నిజంగానే అమలవుతుంది కాబట్టి బిగిన్, రోల్‌బ్యాక్ మధ్య నడపండి. కస్టమర్ల పేర్లు, ఫోన్ నంబర్లు ఉన్న అవుట్‌పుట్‌ను వాట్సాప్ గ్రూపుల్లో అతికించే అలవాటు మనవాళ్లలో చాలా మందికి ఉంది, అది మాత్రం అంటించుకోకండి.