అప్‌డేట్: మా ఊరి చెరువు ఎందుకు నిండట్లేదంటే

మంచి వానలు పడ్డా మా చెరువు సగం కూడా నిండట్లేదు, చందాలేసి జేసీబీతో పూడిక తీయిద్దామా అని ఎండాకాలంలో అడిగాను కదా. చాలామంది "ముందు మీ ఊరి నీరటిని అడగండి" అన్నారు. నీరటి అంటే చెరువు నీళ్లను పొలాలకు వదిలే మనిషి. ఆయన్నే అడిగాం.

ఆయన చెరువు వైపు చూడనేలేదు. పైనున్న చెరువు అలుగు (చెరువు నిండాక నీళ్లు పొర్లిపోయే చోటు) నుంచి మా చెరువుకు వచ్చే కాలువ వెంట నడిపించాడు. ఇక్కడివి కాకతీయుల నాటి గొలుసుకట్టు చెరువులు, పైది అలుగు పారితేనే కిందిదానికి నీళ్లు. ఆ కాలువను ఒకచోట సర్కారు తుమ్మ కమ్మేసింది. ఇంకోచోట పొలానికి దారి కోసం ఎవరో మట్టి పోశారు, అడుగున పైపు కూడా లేదు. "నీళ్లే రానప్పుడు చెరువు లోతు జేసి ఏం లాభం బిడ్డా?" అన్నాడు. నిజానికి తెలంగాణ ప్రభుత్వ చెరువుల బాగు పథకం మిషన్ కాకతీయ కింద ఒకసారి పూడిక తీశారు కూడా.

చందా డబ్బులతో తుమ్మ కొట్టించి, దారి కింద సిమెంటు పైపులు వేయించాం. ఆ రైతు మొదట గొణిగాడు, దారి పోదని తెలిశాక తనే ట్రాక్టర్ ఇచ్చాడు.

కుర్రాళ్లు అలుగు ఎత్తు పెంచుదామన్నారు. నీరటి ససేమిరా అన్నాడు. ఎగువ పొలాలు మునుగుతాయట, కట్టకూ ముప్పే.

ఈసారి నీళ్లు తూము (పొలాలకు నీళ్లు వదిలే దారి) దాటి పైకొచ్చాయి. అలుగు మాత్రం పారలేదు. కొట్టేసిన తుమ్మ మొదళ్ల నుంచి అప్పుడే చిగుళ్లు వేస్తోంది, వేర్లతో సహా పీకించడానికి మళ్లీ చందాలు అడగాలి.