ఎన్‌డీఎన్ ఎడ్జ్ రౌటర్‌లో ర్యాండమ్ డిలే పెట్టినా క్యాష్ గుట్టు బయటపడుతోంది

పిట్_ఎంట్రీ:
నేమ్డ్ డేటా నెట్‌వర్కింగ్‌లో (ఎన్‌డీఎన్, అంటే అడ్రస్‌తో కాకుండా పేరుతో డేటా అడిగే నెట్‌వర్క్) ఇంటరెస్ట్ ప్యాకెట్‌కి, అంటే డేటా అడిగే ప్యాకెట్‌కి, పంపినవాళ్ల అడ్రస్ ఉండదు కదా, కానీ పక్కవాళ్లు ఏం చూశారో రౌటర్ కాపీలు దాచుకునే క్యాషే చాడీలు చెప్పేస్తోంది. ఎన్‌డీఎన్‌సిమ్ అనే సిమ్యులేటర్‌లో ఒకే ఎడ్జ్ రౌటర్ (యూజర్లకి దగ్గరగా ఉండేది) కింద ఇద్దరిని పెట్టాను. ఒకరు వీడియో చూస్తారు, రెండోవారు గూఢచారి. యూజర్ నుంచి ఎడ్జ్‌కి 1 మిల్లీసెకను, ఎడ్జ్ నుంచి కోర్‌కి 10, కోర్ నుంచి ప్రొడ్యూసర్‌కి (డేటా అసలు ఇచ్చేవాళ్లకి) 10. రానూపోనూ కలిపి, క్యాష్‌లో ఉంటే (హిట్) జవాబు 2లో, లేకపోతే (మిస్) 42లో వస్తుంది. ఈ తేడా కప్పడానికి ప్రతి హిట్‌కీ 0–40 మధ్య ర్యాండమ్ డిలే కలిపాను. అయినా గూఢచారి ఇట్టే పట్టేస్తున్నాడు. డిలే ఇంకా పెంచాలా? డేటా ఎన్‌క్రిప్ట్ చేసే ఉంది. ఫ్రెష్‌నెస్ పీరియడ్ (డేటా తాజాగా లెక్కయ్యే గడువు) కూడా 100 మిల్లీసెకన్లకి తగ్గించాను.

కోర్_రౌటర్:
పెంచి లాభం లేదండీ. మీ సెటప్‌లో మిస్ ఎప్పుడూ 42 దగ్గరే వస్తుంది, హిట్ 2 నుంచి 42 దాకా ఎక్కడైనా పడుతుంది. అంటే 42 కన్నా ముందొచ్చిందల్లా హిట్టే, ఒక్క ప్యాకెట్ చాలు. లింకుల్లో జిట్టర్ (టైములో చిన్న హెచ్చుతగ్గులు) పెట్టినా గట్టెక్కరు. వీడియో అంటే ఒక పేరు కాదు, వరసగా సెగ్మెంట్లు (ముక్కలు). 60 సెగ్మెంట్లు అడిగి సగటు తీస్తే మీ డిలే వల్ల వచ్చే చెదురు 11.5 నుంచి 1.5 మిల్లీసెకన్లకి పడిపోతుంది. హిట్ సగటు 22, మిస్ 42. దాక్కోవడానికి చోటేది?

ర్యాండమ్ బదులు, అసలు పట్టిన టైమునే మళ్లీ వాడండి. డేటా మొదటిసారి వచ్చినప్పుడు, ఎడ్జ్ ఇంటరెస్ట్‌ని పైకి పంపిన క్షణం నుంచి డేటా అందేదాకా ఎంత పట్టిందో (మీకు 40) ఆ క్యాష్ ఎంట్రీలోనే రాసుకోండి. ఆ తర్వాత హిట్ అయిన ప్రతిసారీ అంతసేపు ఆగి పంపండి. ఎన్‌ఎఫ్‌డీలో (ఎన్‌డీఎన్ రౌటర్ సాఫ్ట్‌వేర్‌లో) మార్చాల్సింది ఫార్వర్డర్‌లోని కంటెంట్ స్టోర్ (అంటే క్యాష్) హిట్ పైప్‌లైన్. అది హిట్ రాగానే పిట్ ఎంట్రీ (జవాబు కోసం ఆగి ఉన్న ఇంటరెస్ట్ ఎటునుంచి వచ్చిందో రాసుకున్న నమోదు) గడువు సున్నా చేసేస్తుంది. దాన్ని కూడా వాయిదా వెయ్యకపోతే, మీరు ఆగి పంపే డేటా వెళ్లడానికి దారి ఉండదు. ఆగినంతసేపట్లో ఎంట్రీ క్యాష్‌లోంచి ఎగిరిపోవచ్చు కాబట్టి డేటా పాయింటర్‌ని పట్టుకుని ఉంచండి.

ఎన్‌క్రిప్షన్ సంగతంటారా, ఇక్కడ గుట్టు చెప్పేది పేరు, లోపలి డేటా కాదు. ఫ్రెష్‌నెస్ పీరియడ్ అయిపోతే డేటా క్యాష్‌లోంచి పోదు, "తాజా కాదు" అనే ముద్ర పడుతుందంతే. మస్ట్‌బీఫ్రెష్ (తాజాదే కావాలనే గుర్తు) లేకుండా అడిగితే అదే డేటా చేతికిస్తుంది.

పిట్_ఎంట్రీ:
బాగుంది. కానీ అందరికీ నిదానమైతే క్యాష్ ఎందుకు? మొదటి హిట్‌కి మాత్రం ఆగి, రెండోదాని నుంచి వెంటనే ఇచ్చేస్తే?

కోర్_రౌటర్:
అది ఉచ్చు. క్యాష్‌లో లేని వీడియో అనుకోండి. గూఢచారి మొదట అడిగితే నిజమైన మిస్, రెండోసారి నకిలీ మిస్ (ఆగి ఇచ్చిన హిట్), మూడోసారికి వేగం. పక్కవాళ్లు ఇదివరకే చూసిందైతే మొదటిసారే నకిలీ, రెండోసారికే వేగం. లెక్కపెడితే చాలు. ఎన్ని హిట్లు మిస్‌లా నటించాలన్నది ర్యాండమ్‌గా ఎంచుకుంటే కొంత నయం, అయితే ఆ సంఖ్య, కౌంటరు వీడియో మొత్తానికి ఒకటే ఉండాలి. సెగ్మెంటుకొకటి పెడితే మళ్లీ సగటు కథే. ఎప్పుడూ ఆగడమే భద్రం. యూజర్‌కి వేగం పోయినా పై లింకు మీద బరువైతే తగ్గుతుంది. అందరూ చూసే కంటెంట్‌కి ఇదేమీ అక్కర్లేదు, ప్రైవేట్ అని గుర్తుపెట్టిన పేర్లకే చెయ్యండి.

హాప్_లెక్క:
టైము చూడకుండానే పట్టే దారి ఇంకొకటుంది, దాన్ని మూయకపోతే పై శ్రమంతా వృథా. గూఢచారి హాప్‌లిమిట్ (ఇంటరెస్ట్ ఇంకా ఎన్ని హాప్‌లు వెళ్లొచ్చో చెప్పే సంఖ్య) 1 పెట్టి పంపుతాడు. ఎడ్జ్ దాన్ని తగ్గించి 0 చేస్తుంది, ఇక బయటి లింకుకి పంపకూడదు. అయినా డేటా వచ్చిందంటే అది ఎడ్జ్ క్యాష్‌దే. 40 ఆగి ఇచ్చారా, 4 ఆగి ఇచ్చారా అన్నది అతనికి అనవసరం.

మందు: మొదటిసారి డేటా తెచ్చిన ఇంటరెస్ట్‌లో హాప్‌లిమిట్ ఎంతుందో కూడా ఎంట్రీలో రాసుకోండి. అంతకన్నా తక్కువతో వస్తే హిట్ ఇవ్వకుండా మామూలు మిస్‌లా నడపండి. పైనుంచి డేటా వస్తే ఆ చిన్న విలువని రాసుకోండి. పై రౌటర్లలోనూ ఇదే నియమం ఉండాలి, లేదంటే హాప్‌లిమిట్ 2తో కోర్‌ని తడుముతాడు.

ఇద్దరి మధ్య కాల్ లాంటిదైతే డిలే భరించలేరు. అప్పుడు ఇద్దరికే తెలిసిన కీతో హెచ్‌మాక్ (రహస్య కీతో లెక్కగట్టే కోడ్) తీసి పేరు చివర కలపండి, ఊహించి అడగలేరు. కాకపోతే క్యాన్‌బీప్రిఫిక్స్ (ముందుభాగం సరిపోయినా చాలనే గుర్తు) పెట్టి పేరు ముందుభాగంతో అడిగితే, కింద క్యాష్‌లో ఉన్నది ఎన్‌ఎఫ్‌డీ తీసి ఇచ్చేస్తుంది. ఇలాంటి పేర్లకి పూర్తి పేరు సరిపోతేనే ఇచ్చేలా కంటెంట్ స్టోర్ వెతుకులాటని మార్చాలి. క్యాష్ పాలసీ హెడర్‌లో నో-క్యాష్ పెట్టేస్తే పోలేదా అంటారేమో. అది లింకు స్థాయి హెడర్, సంతకం చేసిన డేటాలో భాగం కాదు. తర్వాతి హాప్ దాకా చేరుతుందని నమ్ముకోవద్దు.

పిట్_ఎంట్రీ:
హాప్‌లిమిట్ 1తో ఇప్పుడే నడిపాను. డిలే ఉన్నా ప్రతి సెగ్మెంటూ చక్కగా తిరిగొచ్చింది. ముందు దాన్ని మూస్తాను.