గడ్డిచామంతికి ఉన్న పేర్లు

మాఘ, ఫాల్గుణ మాసాలలో దాళ్వా (రెండవ పంట వరి) చేల గట్ల మీద, కొబ్బరితోటల అంచులలో విరివిగా కనిపించే ఆ సన్నకాడ పువ్వుకు సరైన తెలుగు పేరు ఏదని మీరు అడిగారు. గడ్డిచామంతి, పలకాకు, గాయపాకు, రావణాసురుడి తల అన్న నాలుగూ సరైనవేనని, వాటిలో ఒకదాన్ని నిలబెట్టి తక్కినవాటిని మోటుమాటలుగా పక్కన పెడితే భాషకే నష్టమని నా అభిప్రాయం.

ఈ మొక్క ఉష్ణమండల అమెరికా నుంచి మన నేలకు వచ్చింది కనుక ప్రాచీన కావ్యాలలో దీని పేరు వెతకనక్కరలేదు. తెలిసిన మొక్క పేరుకు ముందు నేల, అడవి, పిచ్చి, గడ్డి వంటి మాటను చేర్చి కొత్తదానికి పేరు పెట్టుకోవడం మనవారి పద్ధతి. నేలవేము, అడవి ఆముదం, గడ్డిగులాబీ అలా ఏర్పడినవే. సముద్రం అంచున ఉన్న మడ అడవులు తప్ప వేరే అడవి ఎరగని మన డెల్టాలో, గట్టున గడ్డితో కలిసి పెరిగే ఈ పువ్వుకు 'గడ్డి' అన్న విశేషణం ఎంతో చక్కగా అమరింది.

పువ్వును దగ్గరగా చూస్తే, జానెడు కాడ కొసన ఒక్కటే పువ్వు, పసుపు బొడ్డు చుట్టూ సాధారణంగా అయిదు వెలిసిన పసుపు రేకులు, ప్రతి రేకు చివర పళ్ళలాంటి మూడు మొనలు ఉంటాయి. 1753లో స్వీడన్ వృక్షశాస్త్రజ్ఞుడు లిన్నేయస్ ప్రకటించిన ట్రైడాక్స్ ప్రొకంబెన్స్ అన్న శాస్త్రీయనామంలో రెండవ మాట నేల మీద వాలి పాకే కాండాన్ని సూచిస్తుంది. మరాఠీవారు ఒంటికాడను చూసి ఏకదండీ అన్నారు. తమిళుల వెట్టుక్కాయ పూండు తెగిన గాయానికి వేసే మూలిక అని చెబుతుంది. మన గాయపాకూ అదే వాడుకను చెబుతున్నది.

గరుకైన ఆకును నలిపి రాతిపలకకు పట్టిస్తే పలక నల్లబడేది కనుక అది పలకాకు అయింది. రాతిపలకలతో పాటు ఆ పేరూ మరుగున పడుతున్నందుకు నాకు బాధగా ఉంది. పిల్లలు కాడ పట్టుకొని బొటనవేలితో పువ్వును ఎగరగొట్టే ఆటకు రావణాసురుడి తల అన్న పేరు ఎంత తగినదో చెప్పనక్కరలేదు.

పదకోశానికి ఎక్కించేటప్పుడు గడ్డిచామంతి కింద వివరణ ఇచ్చి, మిగిలిన మూడింటినీ విడి పదాలుగా చూపడం మంచిది. అయితే పలకలకు గుంటగలగరాకునూ రుద్దేవారు కనుక, ఎవరైనా పలకాకు అన్నప్పుడు పువ్వును కూడా అడిగి తెలుసుకోవాలి: గుంటగలగర తడినేలలో పెరుగుతుంది, దాని పువ్వు చిన్నదిగా, తెల్లగా, పొట్టికాడ మీద ఉంటుంది.